వీధి దీపం వైరు, వాడ మీద అనుమానం

వీధి దీపాల వైర్ల దొంగతనం గురించి దళిత అధ్యయనాల పత్రికలో రాయాల్సిన అవసరం ఏముందని కొందరు మిత్రులు అడగవచ్చు. అది కరెంటోళ్ళ పని, పోలీసోళ్ళ పని అనిపించడం సహజం. కానీ రెండు ప్రశ్నలు వేసుకుందాం. వైరు పోయిన రాత్రి ఎక్కువ రోజులు చీకట్లో ఉండేది ఎవరి వీధి? తెల్లారి పోలీసులు ముందుగా తలుపు తట్టేది ఎవరి ఇల్లు? ఈ రెండింటికీ జవాబు చాలాచోట్ల ఒక్కటే: వాడ. నష్టపోయేదీ వాడే, నేరం మోసేదీ వాడే. అందుకని దొంగతనాన్ని ఆపడం ఎట్లా అన్న ప్రశ్నను ఇంజనీర్లకూ పోలీసులకూ వదిలేయకుండా మనం కూడా చేతిలోకి తీసుకోవాలని మేము అనుకుంటున్నాం.

కరెంటు మన ఉద్యమానికి కొత్త విషయమేమీ కాదు. 1942 నుంచి 1946 వరకు వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ చూసిన డాక్టర్ అంబేద్కర్ చేతిలోనే విద్యుత్తు విషయం కూడా ఉండేది. యుద్ధానంతర విద్యుదభివృద్ధి విధాన సంఘం 1943లో ఆయన అధ్యక్షతన కూర్చున్నది. కరెంటు ప్రభుత్వం చేతిలో ఉండాలా, ప్రైవేటు చేతిలో ఉండాలా, చౌకగా అందరికీ అందేది ఎట్లా అన్న ప్రశ్నలు ఆయన అక్కడ లేవనెత్తాడు. వెలుగు దానం కాదు, హక్కు అన్న మాట అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

దీపం ఎవరి బాధ్యత?

రాజ్యాంగం 12వ షెడ్యూలులో 17వ అంశం ప్రజా సౌకర్యాలు. అందులో వీధి దీపాలను పేరు పెట్టి చెప్పారు. 11వ షెడ్యూలులో 14వ అంశం గ్రామీణ విద్యుదీకరణ. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం కూడా రోడ్లకు, బహిరంగ స్థలాలకు దీపాలు పెట్టడం గ్రామ పంచాయతీ తప్పనిసరి విధుల్లో ఒకటిగా చేర్చింది.

చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా ఆచరణలో ఒక చిక్కు ఉంది. పల్లెల్లో స్తంభమూ తీగా విద్యుత్ పంపిణీ సంస్థవి. దీపమూ బిల్లూ పంచాయతీవి. వైరు పోతే పంచాయతీ కరెంటాఫీసు వైపు చూపిస్తుంది, కరెంటాఫీసు పంచాయతీ వైపు చూపిస్తుంది. ఊళ్ళో పెద్ద వీధిలో దీపం పోతే ఈ తగవు ఒక్క ఫోనుతో తెగుతుంది. వాడలో పోతే నెలలు పడుతుంది. పైగా లైను సాధారణంగా ఊరి నుంచి మొదలై వాడ దగ్గర ముగుస్తుంది. మధ్యలో ఎక్కడ వైరు తెగినా చివరి దీపం ఆరుతుంది. ఊరూ వాడా అన్న విభజన నేల మీదే కాదు, స్తంభాల వరసలోనూ ఉంది.

చీకటి అంటే చదువుకునే పిల్లలకు, రాత్రి షిఫ్టు నుంచి వచ్చే ఆడవాళ్ళకు, తెల్లవారకముందే చీపురు పట్టుకుని బయలుదేరే పారిశుధ్య కార్మికులకు ఏమిటో ఈ పత్రిక పాఠకులకు వివరించనక్కర్లేదు.

వైరు ఎందుకు పోతుంది?

దొంగతనానికి దొంగ గుణమే కారణమని చెప్పడం తేలిక. అసలు కారణాలు స్తంభంలోనే ఉన్నాయి.

మొదటిది రాగి. కిలో రాగి ధర కిలో అల్యూమినియం ధరకు మూడు నాలుగు రెట్లు. కరిగిస్తే దాని ఆనవాలు మిగలదు. అందుకే పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టి, నూనె పారబోసి, రాగి చుట్టలు ఎత్తుకుపోవడం మన రెండు రాష్ట్రాల రైతులకూ తెలిసిన బాధే.

రెండోది, పగటి పూట వీధి దీపాల లైనులో కరెంటు ఉండదు. టైమరు సాయంత్రం వేసి పొద్దున తీసేస్తుంది. ఇళ్ళకు పోయే లైను ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది కాబట్టి దాన్ని కోస్తే ప్రాణం మీదికి వస్తుంది, కోసిన నిమిషంలో జనం బయటికి వస్తారు. వీధి దీపం వైరును పగలు కోస్తే షాకు కొట్టదు, రాత్రి దాకా ఎవరికీ తెలియదు.

మూడోది, నగరాల్లో రోడ్డు మధ్య స్తంభాలకు కేబులు భూమిలో నుంచి వస్తుంది. స్తంభం అడుగున, చేతికందే ఎత్తులో చిన్న తలుపు, దాని లోపల జంక్షన్ బాక్సు ఉంటుంది. ఆ తలుపుకు మామూలు బోల్టు ఉంటుంది, చాలాచోట్ల అదీ ఉండదు. రెండు స్తంభాల దగ్గర కేబులు కోసి ఒక వైపు నుంచి లాగితే మధ్యలోని ముక్క మొత్తం బయటికి వస్తుంది.

నాలుగోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, నిర్లక్ష్యం. వారాల తరబడి వెలగని దీపం “ఈ వైరును ఎవరూ పట్టించుకోవడం లేదు” అని బోర్డు పెట్టినట్టే. కనుక చీకటి దొంగతనానికి ఫలితమే కాదు, కారణం కూడా.

ఇది పేదరికానికో ఒక కులానికో అంటుకున్న జబ్బు కాదనడానికి ఒక ఉదాహరణ చాలు. అమెరికాలో లాస్ ఏంజెలెస్ నగరం 2022 జూలైలో సిక్స్‌త్ స్ట్రీట్ వంతెనను ఘనంగా ప్రారంభించింది. రంగురంగుల దీపాలు దాని ప్రత్యేకత. రెండేళ్ళు తిరగకుండానే సుమారు 11 కిలోమీటర్ల రాగి తీగ పోయి వంతెన చీకటయింది. రాగికి ధర ఉండి, తలుపుకు తాళం లేకపోతే ఎక్కడైనా జరిగేది ఇదే.

ఆపే పద్ధతులు

కారణాలు తెలిస్తే మార్గాలు వాటంతట అవే కనిపిస్తాయి.

రాగి బదులు అల్యూమినియం వాడాలి. ఒకే కరెంటును మోయడానికి అల్యూమినియం తీగ లావు ఒకటిన్నర రెట్లకు కొంచెం ఎక్కువ కావాలి గానీ బరువు సగమే ఉంటుంది. ధర మూడో వంతో నాలుగో వంతో. అంటే అదే పొడవు వైరు కోసినవాడికి దక్కేది రాగితో పోలిస్తే ఆరో వంతు, ఎనిమిదో వంతు. ఒక జాగ్రత్త ఉంది. రాగినీ అల్యూమినియాన్నీ నేరుగా మెలివేసి కలపకూడదు. అతుకు తుప్పు పట్టి, వేడెక్కి కాలిపోతుంది. రెండు లోహాలకూ పనికొచ్చే లగ్గులు వాడాలి.

పల్లెల్లో విడి తీగల బదులు తొడుగు ఉన్న తీగలన్నీ ఒక జడలా అల్లిన ఏబీ కేబులు వేయవచ్చు. అందులో వీధి దీపాల కోసం 16 చదరపు మిల్లీమీటర్ల తీగ విడిగా ఉండే రకం దొరుకుతుంది. ఇళ్ళ లైనుతో కలిసి ఉంటుంది కాబట్టి దాన్ని ఒక్కదాన్నే కోసుకుపోవడం కష్టం.

నగర స్తంభాల్లో జంక్షన్ బాక్సును అడుగున కాకుండా నిచ్చెన వేస్తేగానీ అందని ఎత్తులో పెట్టాలి. అడుగున తలుపు ఉన్నచోట ప్రత్యేకమైన తాళంచెవితోనే తిరిగే బోల్టులు వాడాలి. ఉక్కు కవచమున్న కేబులు వేసి, ప్రతి స్తంభం లోపలా క్లాంపుతో గట్టిగా బిగించాలి. అప్పుడు ఒకచోట కోసినా రెండోచోట నుంచి లాగలేరు.

ఇక కనిపెట్టడం. 2015 జనవరిలో కేంద్రం మొదలుపెట్టిన వీధి దీపాల జాతీయ కార్యక్రమం కింద ఎన్నో పట్టణాల్లో ఎల్.ఇ.డి. దీపాలతో పాటు, దూరం నుంచి చూసే కంట్రోలు పెట్టెలు కూడా వచ్చాయి. వాటి పని చిన్న లెక్కతో అర్థమవుతుంది. ఒక పెట్టె కింద 18 వాట్ల దీపాలు 50 ఉన్నాయనుకుందాం. మొత్తం 900 వాట్లు. 230 వోల్టుల దగ్గర సుమారు 4 ఆంపియర్లు. ఇరవయ్యో స్తంభం తర్వాత వైరు కోస్తే 30 దీపాలు ఆరి కరెంటు 1.6 ఆంపియర్లకు పడిపోతుంది. పెట్టె ఆ విషయం వెంటనే ఆఫీసుకు చెప్పగలదు, ఎక్కడ తెగిందో అంచనా కూడా ఇవ్వగలదు. పగలు కూడా కనిపెట్టాలంటే లైనును ఎప్పుడూ కరెంటుతో ఉంచి, దీపం దగ్గరే వెలుతురును బట్టి ఆరి వెలిగే స్విచ్చి పెట్టాలి. ఖర్చు కాస్త పెరుగుతుంది గానీ పగటి దొంగతనానికి ఇదే మందు. అయితే పెట్టె చెప్పినా వినే మనిషి ఆఫీసులో లేకపోతే ఏ యంత్రమూ పనికిరాదు.

సోలారు దీపాలు పెడితే వైరు గొడవ ఉండదంటారు. వైరు బదులు బ్యాటరీ పోతుంది. దాన్ని కింద పెట్టెలో కాకుండా పైన దీపంతోనే అమర్చాలి.

ఒక పద్ధతిని మాత్రం గట్టిగా ఖండించాలి. దొంగకు బుద్ధి చెప్పడానికి స్తంభానికో తలుపుకో కరెంటు పెట్టడం నేరం. దానికి బలయ్యేది ఆడుకునే పిల్లలు, మేతకొచ్చే గొడ్లు, స్తంభమెక్కే కాంట్రాక్టు కార్మికుడు.

అనుమానం ఎటు పోతుంది?

పైన చెప్పిన పనుల్లో ఒక్కటీ చేయకుండా వ్యవస్థ తేలిగ్గా చేసేది ఒకటుంది: నలుగురిని పట్టుకుపోవడం. ఆ నలుగురూ ఎవరన్నది వైరు పోకముందే నిర్ణయమై ఉంటుంది.

దీనికి చరిత్ర ఉంది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. పుట్టుకే నేరమని చెప్పిన చట్టమది. 1911 తర్వాత మద్రాసు రాష్ట్రంలోనూ అమలై ఎరుకలవాళ్ళను సెటిల్‌మెంట్లలో పెట్టింది. ఇప్పటి బాపట్ల జిల్లాలోని స్టూవర్టుపురం అట్లా పుట్టిందే. 1952 ఆగస్టు 31న చట్టం రద్దయింది గానీ “అలవాటు నేరస్థులు” అన్న పేరుతో ఆ ఆలోచన పోలీసు రికార్డుల్లో బతికే ఉంది. 2024 అక్టోబరు 3న సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు జైలు మాన్యువళ్ళలోని కుల వివక్షను కొట్టేస్తూ, విముక్త జాతుల వాళ్ళను ఇష్టమొచ్చినట్టు అరెస్టు చేయకూడదని పోలీసులను ఆదేశించింది. మను ధర్మం పుట్టుకకు పని అంటగడితే వలస చట్టం పుట్టుకకు నేరం అంటగట్టింది. ఇప్పుడు వైరు పోయినప్పుడు ఈ రెండూ కలిసి పనిచేస్తాయి.

చట్టం ఏం చెబుతుందో కూడా తెలుసుకోవాలి. 2003 విద్యుత్ చట్టం 136వ సెక్షన్ ప్రకారం తీగలూ సామగ్రీ దొంగిలిస్తే మూడేళ్ళ దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. రెండోసారైతే ఆరు నెలలకు తక్కువ కాకుండా అయిదేళ్ళ దాకా జైలు, పదివేలకు తగ్గని జరిమానా. 2007 సవరణతో ఇది వారంటు లేకుండా పట్టుకోగల, బెయిలు హక్కుగా రాని నేరమయింది. దొంగ బుద్ధితో అలాంటి వైరును దగ్గర ఉంచుకోవడం, మోసుకుపోవడం కూడా ఇదే సెక్షన్ కిందికి వస్తాయి. చెత్తకుప్పలో ఏరిన వైరు ముక్క సంచిలో ఉన్నవాడికి ప్రమాదం ఇక్కడే ఉంది. “దొంగ బుద్ధితో” అన్న మాటను నిరూపించాల్సింది ప్రాసిక్యూషన్. స్టేషన్లో మాత్రం నిర్దోషినని నిరూపించుకోవాల్సిన భారం సంచి మోసేవాడి మీద పడుతుంది.

ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో యాంత్రికంగా అరెస్టు చేయకూడదని 2014లో అర్నేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అరెస్టు అవసరం లేనప్పుడు నోటీసు ఇచ్చి పిలవాలి. అరెస్టు చేస్తే బంధువులకు తెలపాలని, మెమో రాయాలని 1996 నాటి డి.కె. బసు తీర్పు చెబుతుంది. ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతుంది. కావాలని దళితుల మీదో ఆదివాసుల మీదో తప్పుడు కేసు పెడితే, తప్పుడు సమాచారం ఇచ్చి అధికారి చేత వేధిస్తే, అది 1989 అత్యాచారాల నిరోధక చట్టం 3వ సెక్షన్ కింద నేరం.

పాత సామాన్ల కొట్టు

కొనేవాడు లేకపోతే కోసేవాడు ఉండడు. దొంగ వైరు డబ్బుగా మారేది పాత సామాన్ల కొట్లో, ఆ పైన కరిగించే బట్టీలో. విచారణ కింది నుంచి కాకుండా పై నుంచి మొదలు కావాలి. ఎవరు అమ్మారు, ఎంత తూకం, ఎప్పుడు అన్నది ప్రతి కొట్టూ రాసిపెట్టాలి. పంపిణీ సంస్థలు తమ వైరు తొడుగు మీద పేరు అచ్చు వేయించాలి. తొడుగు కాల్చిన రాగిని కొనడానికి కొట్టువాళ్ళు నిరాకరించాలి. ఆ తొడుగు ఎక్కువగా పి.వి.సి. కాల్చితే హైడ్రోజన్ క్లోరైడు, డయాక్సిన్లు వస్తాయి. ఆ పొగ పీల్చేది బట్టీ యజమాని కాదు, కూలికి కాల్చే మన పిల్లలు.

అదే సమయంలో నిజాయితీగా చెత్త ఏరుకుని బతికేవాళ్ళకు రక్షణ కావాలి. పుణెలో 1993లో ఏర్పడ్డ కాగద్ కాచ్ పత్రా కష్టకరీ పంచాయత్ చెత్త ఏరేవాళ్ళ సంఘం. సభ్యుల్లో అత్యధికులు దళిత మహిళలు. 1990లలోనే వాళ్ళు నగర పాలక సంస్థ ఆమోదంతో గుర్తింపు కార్డులు సాధించుకున్నారు. మెళ్ళో కార్డు ఉన్న మనిషిని “దొంగ” అని పిలవడం అంత తేలిక కాదు.

మనం చేయాల్సింది

ప్రతి వాడలోనూ స్తంభాలకు నెంబర్లు వేసి, ఏ దీపం వెలుగుతోందో ఏది వెలగడం లేదో యువకులు, విద్యార్థులు నెలకోసారి రాయాలి. ఆరిన దీపం గురించి పంచాయతీకీ కరెంటాఫీసుకూ రెండింటికీ రాసిచ్చి రసీదు తీసుకోవాలి. ఈ కాగితాలు రెండు విధాల పనికొస్తాయి. బాగుచేయడంలో ఊరికీ వాడకూ తేడా ఎంతో తేదీలతో సహా చూపుతాయి. “మీరే కోసుకున్నారు” అన్న మాట వచ్చినప్పుడు, పోయిందని మొదట చెప్పింది మేమేనని సాక్ష్యం చెబుతాయి.

గ్రామసభలో అడగాల్సినవి మూడు. వాడకు వేసే వైరు రాగా, అల్యూమినియమా? బాక్సు ఏ ఎత్తున ఉంది? ఫిర్యాదు వచ్చిన ఎన్ని రోజుల్లో బాగుచేస్తారు? సమాధానాలను తీర్మానం పుస్తకంలో రాయించాలి. ఎవరినైనా పట్టుకుపోతే అదే రోజు వకీలును పంపే ఏర్పాటు మండల స్థాయిలో సంఘాలు చేసుకోవాలి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ నుంచి ఉచిత వకీలును అడగడం ఎస్.సి., ఎస్.టి.ల హక్కు.

దొంగతనాన్ని మేము సమర్థించడం లేదు. వాడ వైరు కోసినవాడు వాడకే ద్రోహం చేశాడు. కానీ వంద రూపాయల బోల్టు బిగించని ఆఫీసు, దొంగ రాగిని కళ్ళు మూసుకుని కొన్న వ్యాపారి లెక్కలోకి రాకుండా సంచి మోసేవాడొక్కడే దొంగ అయితే అది న్యాయం కాదు, వైరూ దక్కదు. దీపం వెలిగినన్నాళ్ళే వైరు భద్రం. కాబట్టి మన మొదటి డిమాండు కాపలా కాదు, వెలుగు.