ఫుల్లు పెడితే త్వరగా వేడెక్కదు

మా ఊరు కోడేరులో చలి అంటే సంక్రాంతికి అటూ ఇటూ కొన్నాళ్లు. ఓ దుప్పటి, తెల్లారగట్ల వాకిట్లో చలిమంట ఉంటే గడిచిపోతుంది. ఇల్లంతా వెచ్చబెట్టే యంత్రంతో ఇక్కడ ఎవరికీ పనిలేదు. కానీ ఆ యంత్రాన్ని నడిపించే థర్మోస్టాట్ మాత్రం ఊరికి కొత్తది కాదు. ఇస్త్రీపెట్టెలో ఉంది, గీజర్‌లో ఉంది, కిరాణా కొట్టు ఫ్రిజ్‌లో ఉంది. అమెరికాలో స్థిరపడిన పిల్లల దగ్గరికి చలికాలంలో వెళ్లిన అమ్మానాన్నలకు అదే గోడమీద కనిపిస్తుంది.

పొరపాటు రెండుచోట్లా ఒకటే. ఇక్కడ కూల్‌డ్రింకులు త్వరగా చల్లబడాలని ఫ్రిజ్ నాబును చివరిదాకా తిప్పుతారు. అక్కడ ఇల్లు త్వరగా వెచ్చబడాలని 68 డిగ్రీల ఫారెన్‌హీట్ మీదున్న ముల్లును 80కి జరుపుతారు. థర్మోస్టాట్ ఒక స్విచ్చు, అంతే. ఎక్కడ ఆగాలో చెబుతుంది గానీ ఎంత వేగంగా పోవాలో చెప్పదు. ఇల్లు వెచ్చబెట్టే మామూలు ఫర్నేసులో 68కి ఎంత మంటో 80కీ అంతే మంట. ఆపడం మరిస్తే గ్యాస్ బిల్లు మాత్రం పెరుగుతుంది.

గోడమీది థర్మోస్టాట్ పుట్టిన కథ నాకు చాలా ఇష్టం. విస్కాన్సిన్ రాష్ట్రం వైట్‌వాటర్‌లోని టీచర్లను తయారుచేసే నార్మల్ స్కూల్‌లో వారెన్ జాన్సన్ అనే ప్రొఫెసర్ పాఠం చెబుతుంటే, గది ఎంత వెచ్చగా ఉందో చూడటానికి పనివాడు మాటిమాటికీ లోపలికి వచ్చేవాడు. చూసి, కిందికి వెళ్లి, పొయ్యి గాలితలుపు సరిచేసేవాడు. పాఠం మధ్యలో తెగిపోయేది. గది వేడి మారగానే కింద ఉన్న పనివాడికి గంట మోగించే విద్యుత్ పరికరాన్ని జాన్సన్ తయారుచేశాడు. 1883లో దానికి పేటెంటు వచ్చింది. రెండేళ్లకు మినియాపొలిస్‌లో ఆల్బర్ట్ బట్జ్ మరో అడుగు వేశాడు. గది చల్లబడితే చిన్న మోటారు, గొలుసు కలిసి పొయ్యి గాలితలుపును వాటంతటవే ఎత్తేవి. ఇక పనివాడు రావాల్సిన అవసరమే లేకపోయింది.

థర్మోస్టాట్‌కు కీలకమైన లోహపు పట్టీ అంతకు ముందే ఉంది. సముద్రయానం కోసం గడియారాలు చేసిన జాన్ హారిసన్ 18వ శతాబ్దంలోనే ఇత్తడి, ఉక్కు రేకులను జోడించాడు. వేడికి ఇత్తడి ఎక్కువ సాగుతుంది, ఉక్కు తక్కువ. దాంతో పట్టీ వంగుతుంది. ఇస్త్రీపెట్టెలో టిక్కుమనేది ఇలాంటి పట్టీయే.

1953లో హనీవెల్ కంపెనీ, హెన్రీ డ్రేఫస్ డిజైన్‌తో, గుండ్రటి టీ87 తెచ్చింది. మూత తీస్తే చుట్టలా చుట్టిన లోహపు పట్టీ, దానిమీద చిన్న గాజు గొట్టం, గొట్టంలో పాదరసం. గది చల్లబడితే చుట్ట కదిలి గొట్టం వాలుతుంది, పాదరసం జారి రెండు తీగల కొనలను కలుపుతుంది, ఫర్నేసు అంటుకుంటుంది. పక్కనే సన్నటి నిరోధక తీగ ఒకటి ఉంటుంది. ఫర్నేసు నడుస్తున్నంతసేపూ అది పట్టీని కాస్త ముందుగానే వేడిచేస్తుంది. మంట ఆరినా లోపల మిగిలిన వేడి గదిలోకి వస్తూనే ఉంటుంది కదా, అందుకని ముందే ఆపాలి. ఈ ఒక్క ఉపాయం చూస్తే దీన్ని చేసినవాళ్లు ఎంత ఆలోచించారో తెలుస్తుంది.

ఇలాంటి పాతది మార్చాలంటే ముందు మెయిన్ ఆపాలి. గోడలోంచి సన్నటి వైర్లు వస్తే అది మామూలుగా 24 వోల్టుల లైను. లావుపాటి వైర్లయితే నేరుగా కరెంటు హీటర్‌కు పోయే లైను కావచ్చు, దాన్ని ఎలక్ట్రీషియన్‌కే వదిలేయాలి. మన ఫ్రిజ్ మెకానిక్ థర్మోస్టాట్ వైర్లు రెండూ కలిపి, కంప్రెసర్ కదిలితే థర్మోస్టాట్ పోయిందని తేలుస్తాడు. అక్కడి 24 వోల్టుల లైనులోనూ పరీక్ష అదే. ఆర్, డబ్ల్యూ అని గుర్తున్న రెండు వైర్లు కలిపి, మెయిన్ మళ్లీ వేస్తే ఫర్నేసు అంటుకోవాలి. మన ఫ్రిజ్‌లో మాత్రం అది 230 వోల్టులు, తెలియనివాళ్లు చేయి పెట్టకూడదు.

పాత ఇళ్లలో చాలాసార్లు ఆ రెండు వైర్లే ఉంటాయి. వైఫైతో నడిచే కొత్తవాటిలో చాలావాటికి నిరంతరం కరెంటు కావాలి, అంటే సీ అనే మూడో వైరు. అది లేకపోతే ఫర్నేసు నుంచి కొత్త కేబుల్ లాగొచ్చు, లేదా బ్యాటరీతో నడిచేది కొనుక్కోవచ్చు.

తీసేసిన గుండ్రటి డబ్బాను చెత్తబుట్టలో వేయకూడదు. అందులోని పాదరసం జ్వరం చూసే థర్మామీటర్‌లో ఉన్నదానికి కొన్ని రెట్లు. గాజు పగలకుండా కవరులో చుట్టి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వాలి.