టీకా వేసుకున్నా.. ఆగమన్నారు!

2021 అక్టోబరు. అమెరికాలో ఉన్న కూతురికి పురుడు పోయడానికి వెళ్లాలనుకున్న తెలుగు ఇళ్లలో ఒకటే బెంగ. రెండు డోసులూ పూర్తయ్యాయి, సర్టిఫికెట్ చేతిలో ఉంది. కానీ వేసుకున్నది కొవాగ్జిన్. హైదరాబాద్‌లో తయారైన ఆ టీకాకు ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలో ఇంకా చోటు దక్కలేదు. నవంబరు 3న దక్కింది. 8న, టీకా వేసుకున్న విదేశీయులకు అమెరికా తలుపులు తెరిచింది. గండం గడిచింది. ఆ వారం రోజుల్లో ఈ అమ్మానాన్నల ఒంట్లో రక్షణేమీ పెరగలేదు. మారింది జాబితా మాత్రమే.

‘టీకా పాస్‌పోర్టు’పై హక్కులవాదుల అభ్యంతరాల్లో ఇదొకటి. ఇంతకంటే పెద్దది ముంబయిలో కనిపించింది. ఆ ఏడాది ఆగస్టు 15 నుంచి సామాన్యులు లోకల్ రైలు ఎక్కాలంటే రెండో డోసు వేసుకుని 14 రోజులు గడవాలన్నారు. కొవిషీల్డ్ డోసుల మధ్య అప్పట్లో 84 రోజుల ఎడం. అంటే, టీకా ససేమిరా వద్దన్నవారే కాదు, మొదటి డోసు ఇష్టంగా వేయించుకున్న ఇంటిపని మనిషి కూడా మూడు నెలలకు పైగా రైలుకు దూరం. విదేశాలకు చదువుకో, ఉద్యోగానికో వెళ్లేవారికి మాత్రం అదే రెండో డోసును 28 రోజులకే వేశారు!

టీకా లక్షల ప్రాణాలు కాపాడింది, అందులో రెండో మాట లేదు. అయితే వేసుకున్నవారికీ కొవిడ్ సోకింది, వారి నుంచి ఇతరులకూ పాకింది. ఒమిక్రాన్ వచ్చాక ఇంటింటా చూశాం. 2022 మే 2న జస్టిస్ ఎల్.నాగేశ్వరరావు, జస్టిస్ బి.ఆర్.గవాయ్‌ల సుప్రీంకోర్టు ధర్మాసనం ఇదే పట్టుకుంది. ఎవరికీ బలవంతంగా టీకా వేయకూడదని, టీకా వేసుకోనివారి వల్లే వ్యాప్తి ఎక్కువని ప్రభుత్వాలు ఆధారాలు చూపలేదు కాబట్టి, కేసులు తక్కువగా ఉన్నంతకాలం వారిపై ఆంక్షలు తగవని చెప్పింది. ప్రజారోగ్యం కోసం సహేతుకమైన పరిమితులు పెట్టొచ్చనీ అదే తీర్పులో ఉంది. ఆ సగాన్ని చాలామంది చదవరు.

ఎల్లో ఫీవర్ టీకా నిబంధన అలాంటిదే. దాన్ని మోసే ఈడిస్ దోమ మన దగ్గర బోలెడు, జబ్బు మాత్రం లేదు. అందుకే ఆ జ్వరం ఉన్న ఆఫ్రికా, దక్షిణ అమెరికా దేశాల నుంచి సర్టిఫికెట్ లేకుండా దిగితే మన పౌరులనైనా ఆరు రోజుల వరకు విడిగా ఉంచుతారు. టీకా వేసిన పదో రోజు నుంచే సర్టిఫికెట్ చెల్లుతుంది; 2016 నుంచి ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం చాలు. గుడ్డు పడనివారు, గర్భిణులు టికెట్ కొనకముందే డాక్టరును కలవాలి. టీకా వద్దంటే, ఆ మాట లేఖగా రాయించుకుని పాస్‌పోర్టుతో పాటు ఉంచుకోండి.