కూపనులు కలిపి వాడుట: సరకుల కొనుగోలులో పొదుపు

పొలములో గింజ రాలకుండ కాపాడుకొను రైతునకు అంగడిలో కాసు రాలకుండ చూచుకొనుటయు నేర్వదగిన విద్యయే. ఈ విద్యలో అమెరికా సంయుక్త రాష్ట్రముల గృహిణులు పెక్కండ్రు ఆరితేరియున్నారు. వారి సాధనము కూపను.

కూపను అనగా ఫలానా వస్తువును కొన్నవారికి ఇంత సొమ్ము తగ్గింతుమని ఇచ్చు చీటీ. 1887లో అట్లాంటా నగరమున కోకా-కోలా పానీయమును ఒక గ్లాసు ఉచితముగా ఇచ్చుటకై పంచిన చీటీలు ఇట్టివానిలో మొదటివని చెప్పుదురు. పిదప ఇవి వార్తాపత్రికలతోపాటు ఇల్లిల్లు చేరినవి. నేడు చేతిఫోనులలోను లభించుచున్నవి.

ఈ చీటీలు రెండు విధములు. ఒకటి వస్తువును తయారుచేయు కంపెనీ ఇచ్చునది. రెండవది దానిని అమ్ము దుకాణము ఇచ్చునది. మొదటిదాని సొమ్మును కంపెనీ దుకాణమునకు తిరిగి చెల్లించును. రెండవదానిని దుకాణమే భరించును. సొమ్ము పెట్టు చేతులు వేరగుటచే, పెక్కు దుకాణములు ఒకే వస్తువుపై రెండింటిని కలిపి వాడనిచ్చును. ఒకే కంపెనీ చీటీలు రెండు ఒక వస్తువుపై సాధారణముగా చెల్లవు. కీలకమంతయు ఇందే యున్నది.

ఉదాహరణమునకు, 10 డాలర్ల కాఫీపొడి డబ్బాను దుకాణము 8 డాలర్లకు అమ్ము వారమున, దుకాణపు చీటీ 1 డాలరు, కంపెనీ చీటీ 1 డాలరు 50 సెంట్లు కలిపినచో, 5 డాలర్ల 50 సెంట్లకే డబ్బా చేతికి వచ్చును. అందుచే నేర్పరులు చీటీ దొరకిన దినముననే పరుగిడక, గడువు దాటకుండ చూచుకొనుచు, ధర తగ్గు వారమునకై వేచియుందురు.

అయితే ఇందొక గోతి కలదు. ఆ ప్రక్కనే అంతే తూకము గల మరియొక కాఫీపొడి, రుచిలో సరిపోలునది, 5 డాలర్లకే దొరకుచున్నచో ఆ రెండు చీటీలును వ్యర్థమే. చీటీ పంచువాడు కోరునది తన సరకు అమ్ముడగుటనే. అక్కరలేని సరకును సగము వెలకు కొన్నవాడు ఆ సగము వెలయు పోగొట్టుకొన్నవాడే.

మన యంగళ్లలోను "ఒకటి కొన్న ఒకటి ఉచితము" అను ప్రకటనలును, ఫోను ద్వారా చెల్లించినవారికి కొంత సొమ్ము తిరిగి వచ్చు పద్ధతులును నేడు కలవు. వీనికిని ఇదే సూత్రము. కావున సభ్యులు ఈ క్రమమును పాటింపవలెను:

1. ముందుగా ఇంటికి అక్కరైన సరకుల పట్టిక వ్రాసికొనుడు.

2. కిలోకు ఎంత పడునో లెక్కించి, సరకులను పోల్చి చూడుడు.

3. ఆ తరువాతనే తగ్గింపులను చూడుడు. వానిని ఇచ్చువారు వేరువేరైనచో, కలిపి వాడవచ్చునేమో అడిగి తెలిసికొనుడు.

4. మిగిలిన సొమ్మును నాడే వేరుగా తీసి పొదుపు ఖాతాలో వేయుడు. జేబులోనే యుంచినచో అది మరియొక అంగడిలో కరగిపోవును.