నెట్ కాల్ వింతలు: గిద్దలూరు నుంచి అంతరిక్షం దాకా

గుంటూరు నుంచి నంద్యాల వెళ్లే రైల్లో మార్కాపురం రోడ్డు, తర్లుపాడు, కంభం దాటి గిద్దలూరు వచ్చేదాకా ఫోన్లు మోగుతూనే ఉంటాయి. దిగువమెట్ట దాటి బండి నల్లమలలోకి దూరిందంటే మాటలు తెగడం మొదలు. "హలో... హలో... టవర్ అందట్లా, నంద్యాల దిగినాక చేస్తా" అంటూ ఒక్కొక్కరే ఫోను జేబులో పెట్టుకుంటారు. వాన మొహం చాటేసే ఈ పశ్చిమ ప్రకాశంలో కూలికో, కొలువుకో, పట్టాళానికో, గల్ఫ్‌కో, అమెరికాకో మనుషులు వెళ్లని ఊరంటూ ఉండదు. ఇంట్లో ఉన్నవాళ్లకూ వెళ్లినవాళ్లకూ మధ్య ఇప్పుడు దారి నెట్ కాలే. ఏ కాల్ మేలు, ఏది చౌక, ఏది ఎక్కడ మొరాయిస్తుంది అన్నది ఇక్కడ ఇంటింటి అవసరం. ఆ కాల్స్ వెనకున్న రికార్డులు, విశేషాలు కొన్ని చూద్దాం.

తొలి పలుకు

నెట్‌లో మాట్లాడడం స్మార్ట్‌ఫోన్‌తో వచ్చిందనుకుంటాం. అమెరికాలో 1974లోనే ఆర్పానెట్ అనే తొలితరం నెట్‌వర్క్ మీద, తూర్పు తీరంలో ఒకటి, పడమటి తీరంలో ఒకటి ఉన్న రెండు పరిశోధన కేంద్రాల మధ్య మాట ప్యాకెట్లుగా ప్రయాణించింది. ఆ పనికి కావలసిన నియమావళిని రూపొందించిన వాళ్లలో ముఖ్యుడు డానీ కోహెన్.

జనం కొనుక్కుని వాడుకునే తొలి నెట్ కాలింగ్ సాఫ్ట్‌వేర్ 1995 ఫిబ్రవరిలో వచ్చింది. ఇజ్రాయెల్‌కు చెందిన వోకల్‌టెక్ కంపెనీ దానికి 'ఇంటర్నెట్ ఫోన్' అనే పేరు పెట్టింది. మన దేశానికీ అది పెద్ద ఏడాదే. జులై 31న కలకత్తా రైటర్స్ బిల్డింగ్ నుంచి ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌కు తొలి మొబైల్ కాల్ చేశారు. ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ మామూలు జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది. ఫోనూ నెట్టూ రెండు వారాల తేడాతో వచ్చాయి గానీ, ఈ రెండింటినీ కలిపి వాడుకోవడానికి చాలాకాలం అనుమతి లేదు. నెట్ టెలిఫోన్‌ను మన ప్రభుత్వం చట్టబద్ధం చేసింది 2002 ఏప్రిల్ 1న. అప్పటిదాకా విదేశాల్లో పిల్లలున్న తల్లిదండ్రులకు ఎస్టీడీ, ఐఎస్‌డీ బూతే దిక్కు. తక్కువ రేటు కోసం రాత్రి పొద్దుపోయాక బూతు ముందు బెంచీ మీద కూర్చుని, గోడ మీద మీటరు అంకె మారుతుంటే గుండె దడదడలాడిన వాళ్లు మార్కాపురంలో ఈనాటికీ ఉన్నారు.

అన్నిటికన్నా నెమ్మదైన మాట

మనిషి గొంతును బాగా కుదించి సన్నని దారిలో పంపే 'సెల్ప్' పద్ధతిని కనిపెట్టిన ఇద్దరిలో ఒకరు కాన్పూరులో పుట్టిన బిష్ణు అటల్. రెండోవారు జర్మనీకి చెందిన మన్‌ఫ్రెడ్ ష్రోడర్. ఇద్దరూ బెల్ ల్యాబ్స్ వాళ్లే. 1983లో ఈ పద్ధతిని అప్పటి సూపర్ కంప్యూటర్ క్రే-1 మీద పరీక్షిస్తే, ఒక్క సెకను మాటను కుదించడానికి 150 సెకన్లు పట్టింది. 'అమ్మా, బాగున్నావా' అనే రెండు సెకన్ల పలకరింపు తయారవడానికి 5 నిమిషాలన్నమాట! ఆ వంశానికే చెందిన పద్ధతులు తర్వాత సెల్‌ఫోన్లలోకి వచ్చాయి. చేతిలో ఇమిడే ఫోను ఇప్పుడు ఆ పనిని మాట పూర్తయ్యేలోపే చేసేస్తోంది. కాన్పూరుకు ఫోనుతో ఇంకో చుట్టరికం కూడా ఉంది. 1960లో దేశంలో తొలి ఎస్టీడీ లైను పడింది ఆ ఊరికీ లక్నోకూ మధ్యనే.

అతి తేలికైన గొంతు

పల్లెల్లో పనికొచ్చే సంగతి ఇది, కాస్త వివరంగా చెప్పుకోవాలి.

పాతకాలపు డిజిటల్ టెలిఫోన్ లైనుకు సెకనుకు 64 కిలోబిట్లు కావాలి. జీఎస్ఎం సెల్‌ఫోన్ దాన్ని 13కు దించింది. 2012లో ప్రమాణంగా వచ్చిన 'ఓపస్' అనే పద్ధతి 6 నుంచి 510 కిలోబిట్ల దాకా సాగుతుంది. సిగ్నల్ బాగుంటే గొంతు నిండుగా వినిపిస్తుంది, సిగ్నల్ తగ్గితే సన్నబడుతుంది గానీ అంత తేలిగ్గా తెగదు. నెట్ కాలింగ్ యాప్‌లలో ఎక్కువ వాటికి చాలాకాలంగా ఇదే ఆధారం. 2024లో మెటా కంపెనీ 'ఎమ్‌లో' అనే కొత్త పద్ధతి తెచ్చింది. 6 కిలోబిట్ల దగ్గర ఓపస్ కన్నా స్పష్టంగా వినిపించాలన్నది దాని లక్ష్యం. చవక ఫోన్లను, బలహీనమైన నెట్‌ను దృష్టిలో పెట్టుకుని చేసిన పని కనుక, దీని గురించి మన ప్రాంతం వాళ్లు సంతోషించవచ్చు.

ఇందులోనే ఒక వింత దాగుంది. మాటను సెకనుకు 50 ముక్కలు చేసి పంపుతారు. ప్రతి ముక్క మీదా ఎక్కడికి వెళ్లాలి, ఎన్నో ముక్క అన్న వివరాలు 40 బైట్లు ఉంటాయి. అంటే చిరునామాలకే సెకనుకు 16 కిలోబిట్లు, లోపలి మాటకు 6. ఉత్తరం కన్నా కవరు బరువెక్కువ!

రెండు వైపులా మంచి నాణ్యతతో మాట్లాడుకుంటే నిమిషానికి సుమారు 0.6 ఎంబీ ఖర్చవుతుంది. రోజుకు 1.5 జీబీ ఇచ్చే ప్యాక్ ఉన్నవాళ్లు నిద్రపోకుండా 24 గంటలు మాట్లాడినా డేటా మిగులుతుంది. అదే వీడియో అయితే ఒక మోస్తరు నాణ్యతకే నిమిషానికి 7, 8 ఎంబీలు. మూడు గంటలు దాటితే ప్యాక్ ఖాళీ. కనుక 'రీకనెక్టింగ్' అని పడగానే యాప్ మార్చే బదులు ముందు వీడియో ఆపండి. చాలాసార్లు గొంతు తిరిగొస్తుంది. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా అన్న చోట, కాల్స్‌కు తక్కువ డేటా వాడే మీట కూడా ఉంది. చాలామంది దాన్ని చూడనే లేదు.

సులువని తోసిపుచ్చిన ఆలోచన

వీడియో కాల్ సాధ్యమైందంటే బొమ్మను కుదించే ఒక గణిత కిటుకు వల్ల. దాని పేరు డీసీటీ. బెంగళూరులో పుట్టి అమెరికాలోని కాన్సాస్‌లో ప్రొఫెసరైన నసీర్ అహ్మద్ 1972లో దీని మీద పరిశోధనకు డబ్బు అడిగితే, ఆలోచన మరీ తేలిగ్గా ఉందని అక్కడి జాతీయ సంస్థ కాదంది. ఆయన వదల్లేదు. శిష్యుడు టి.నటరాజన్‌తోను, మద్రాసు గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో చదివి వెళ్లిన కామిశెట్టి రామమోహనరావుతోను కలిసి 1974 జనవరిలో పరిశోధన పత్రం ప్రచురించారు. ఈ రోజు మనం పంపే ఫొటోల్లో, చూసే వీడియోల్లో అత్యధికం ఆ లెక్కతోనే కుదించుకుంటున్నాయి.

దాని ఫలం ఏ పల్లెలోనైనా కనిపిస్తుంది. అరుగు మీద కూర్చున్న తల్లి వీడియో కాల్ వచ్చినా అలవాటుగా ఫోను చెవికి ఆనించుకుంటుంది. కువైట్‌లో కొడుక్కి తెర నిండా అమ్మ చెవి, చెవి కమ్మ. "మా, నీ మొగం కనపడట్లా, ఫోను దూరంగా పెట్టు." "ఇట్టా పెడితే నీ మాట వినపడదు నాయనా." పక్కింటి పిల్ల వచ్చి స్పీకర్ నొక్కి, ఫోను గోడకు ఆనించి వెళుతుంది. మార్కాపురం పలకల ఫ్యాక్టరీల్లో ఇదే వీడియో వ్యాపారానికి పనికొస్తోంది. రాయిని నీళ్లతో తడిపి, ఎండలోకి తిప్పి, దాని అసలు రంగును దూరాన ఉన్న కొనుగోలుదారుకు చూపించవచ్చు.

అతి ఖరీదు, అతి చౌక

1995లో మొబైల్ కాల్ రద్దీ వేళల్లో నిమిషానికి 16 రూపాయల పైనే ఉండేది. అవతలివాళ్లు చేసిన కాల్ ఎత్తినా డబ్బు కట్టాల్సిందే. ఇన్‌కమింగ్ ఉచితమైంది 2003లో. 2016 సెప్టెంబర్ 5న జియో వచ్చేదాకా ఒక జీబీ డేటాకు 250 రూపాయల దాకా పెట్టేవాళ్లం. అదే ఏడాది నవంబర్‌లో వాట్సాప్‌లో వీడియో కాల్ వచ్చింది. ఈ రెండూ రెండు నెలల తేడాతో రావడమే మన ఊళ్లను మార్చేసిందని నా నమ్మకం. ఒకటి లేకుండా రెండోది వచ్చి ఉంటే ఇంత జరిగేది కాదు.

సిమ్ లేకుండా, నెట్‌తోనే ఏ నంబరుకైనా, చివరికి ల్యాండ్‌లైన్‌కైనా చేయగల తొలి దేశీయ సేవ బీఎస్ఎన్ఎల్ 'వింగ్స్'. 2018 జులైలో ప్రకటించారు, అప్పటి ధర ఏడాదికి 1,099 రూపాయలు. వాట్సాప్‌కు లేని గుణం అది. వాట్సాప్ కాల్ వాట్సాప్ ఉన్నవాళ్లకే వెళుతుంది. బటన్ల ఫోను పట్టుకున్న తాతకు చేరదు.

నాపరాళ్ల మిద్దెల్లో, మందపాటి గోడల మధ్య సిగ్నల్ రాని ఇళ్లకు 'వైఫై కాలింగ్' మంచి దారి. ఎయిర్‌టెల్ 2019 డిసెంబర్‌లో, జియో 2020 జనవరిలో మొదలుపెట్టాయి. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉంటే చాలు, ఫోను సెట్టింగ్స్‌లో ఆ మీట వేసుకోవాలి. యాప్ అక్కర్లేదు, మామూలు నంబరుకు మామూలు కాలే. కేబుల్ సంగతికొస్తే, కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి నెట్, టీవీ, ఫోను మూడూ నెలకు 149 రూపాయలకు ఇస్తామంటూ 2017 డిసెంబర్ 27న ప్రారంభమైన ఏపీ ఫైబర్‌నెట్ మన రాష్ట్రపు విశేషం.

దేశానికో తీరు

దుబాయ్ వెళ్లినవాళ్లను కలవరపెట్టేది ఇదే. యూఏఈలో వాట్సాప్ మెసేజ్ వెళుతుంది, కాల్ మాత్రం ఏళ్ల తరబడి వెళ్లడం లేదు. అక్కడ అనుమతి ఉన్నది బోటిమ్ లాంటి కొన్ని యాప్‌లకే. సౌదీ అరేబియా 2017 సెప్టెంబర్‌లో నెట్ కాల్స్ మీద నిషేధాన్ని సడలించింది. తక్కువ నెట్‌తోనూ పాత ఫోన్లలోనూ నడుస్తుందని గల్ఫ్ కూలీలు ఎక్కువగా నమ్ముకున్నది ఇమో అనే యాప్‌ని. దాని వ్యవస్థాపకుల్లో ఒకరైన జార్జెస్ హారిక్ గూగుల్ తొలి పదిమంది ఉద్యోగుల్లో ఒకరు.

యూఏఈలో వీపీఎన్ పెట్టుకుని కాల్ చేయవచ్చని స్నేహితులెవరైనా చెబితే వినవద్దు. నేరం చేయడానికి వీపీఎన్ వాడితే కనీసం 5 లక్షల దిర్హమ్‌ల జరిమానా అని అక్కడ 2016లో చట్టాన్ని సవరించారు. కష్టపడి సంపాదించింది పోగొట్టుకునే పని అది.

ఎత్తు, దూరం

ఎవరెస్ట్ శిఖరం మీది నుంచి 2013 మే 19న డేనియల్ హ్యూస్ అనే బ్రిటన్ పర్వతారోహకుడు బీబీసీకి స్మార్ట్‌ఫోన్‌తో ప్రత్యక్ష వీడియో కాల్ చేశాడు. అంత ఎత్తు నుంచి అదే మొదటిది. ప్రసారానికి అనుమతి తీసుకోలేదని నేపాల్ ప్రభుత్వం కోప్పడింది.

అంతరిక్ష కేంద్రంలోనూ వ్యోమగాములు లాప్‌టాప్‌లోని నెట్ ఫోనుతోనే ఇంటికి మాట్లాడతారు. 2015 క్రిస్మస్ ముందు రోజు టిమ్ పీక్ ఇంటికి చేయబోయి రాంగ్ నంబరు కొట్టి, ఎత్తిన మహిళను 'ఇది భూగ్రహమేనా' అని అడిగి, తర్వాత బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. కేంద్రం మన నెత్తిన ఉన్నది 400 కిలోమీటర్ల ఎత్తునే అయినా, ఆ మాట దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహాలకు వెళ్లి దిగుతుంది. అందుకే జవాబు ఆలస్యంగా వస్తుంది. ఒక వైపు ఆలస్యం సెకనులో ఏడో వంతు దాటితే మనుషులు ఒకరి మాటకు ఒకరు అడ్డు రావడం మొదలుపెడతారు.

కొన్న వెల, మూసిన రోజు

స్కైప్ 2003 ఆగస్టులో మొదలైంది. ఈబే 2005లో 260 కోట్ల డాలర్లకు, మైక్రోసాఫ్ట్ 2011లో 850 కోట్ల డాలర్లకు కొన్నాయి. చివరికి 2025 మే 5న మూతపడింది. అప్పుడు మైక్రోసాఫ్ట్ అధిపతి అనంతపురం జిల్లా మూలాలున్న మన సత్య నాదెళ్ల. ఫేస్‌బుక్ 2014లో వాట్సాప్‌ను 1,900 కోట్ల డాలర్లకు కొనేటప్పుడు అందులో ఉద్యోగులు 55 మంది. 2020 డిసెంబర్ 31న వాట్సాప్‌లో 140 కోట్ల కాల్స్ వెళ్లాయి, అప్పటికి అదే రికార్డు. రోజుకు 200 కోట్లు దాటుతున్నాయని ఆ సంస్థే 2024 డిసెంబర్‌లో చెప్పింది.

దొంగల కాల్

ఇన్ని కాల్స్‌లో దొంగలూ ఉంటారు. పోలీసు యూనిఫాం వేసుకుని వీడియోలో కనిపించి 'మిమ్మల్ని డిజిటల్ అరెస్ట్ చేశాం, కాల్ కట్ చేయొద్దు' అని బెదిరించి డబ్బు లాగుతున్నారు. ఈ మోసాలకు వాడిన 1,700కు పైగా స్కైప్ ఐడీలను, 59,000కు పైగా వాట్సాప్ ఖాతాలను మూయించినట్టు కేంద్రం 2024లో పార్లమెంటుకు తెలిపింది. అలాంటి అరెస్టు మన చట్టంలోనే లేదు. కాల్ కట్ చేసి 1930కి ఫోన్ చేయండి.

అతి పెద్ద అడవి, అతి సన్నని సిగ్నల్

విస్తీర్ణంలో దేశంలోనే పెద్ద పులుల అభయారణ్యం నాగార్జునసాగర్–శ్రీశైలం. దాని అంచునే మన దోర్నాల, యర్రగొండపాలెం, అర్ధవీడు ఉన్నాయి. పాలుట్ల లాంటి చెంచు గూడేలు అడవి లోపల ఉన్నాయి. అడవిలో టవర్ వేయాలంటే అనుమతులు కావాలి, కరెంటు కావాలి, దారి కావాలి. 4జీ అందని 24,680 గ్రామాల కోసం కేంద్రం 2022 జులైలో 26,316 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. పులికి ఇబ్బంది లేకుండానే గూడేనికి మాట అందించే పద్ధతులు ఉన్నాయి. అటవీ శాఖ, టెలికాం శాఖ కలిసి కూర్చుని ఆ పని ముగించాలి. పాము కరిచిన మనిషికి అంబులెన్స్ పిలవడానికి గుట్టెక్కాల్సి రావడం అన్యాయం.

చివరిగా ఒక మాట. వాట్సాప్, ఇమో, బోటిమ్ ఏదైనా సరే, వాటిలోంచి 108కి గానీ 112కి గానీ కాల్ వెళ్లదు. నెట్ ఉంది కదా అని ఇంట్లో సిమ్‌లన్నీ రీచార్జ్ లేకుండా వదిలేయకండి. ఒక్క ఫోనులోనైనా మామూలు కాల్ బ్యాలెన్స్ ఉంచుకుని, ఆ నంబర్లు ఎలా నొక్కాలో పెద్దవాళ్లకు నేర్పి పెట్టండి.