పొట్టి గుర్రం ఆకలి

పోయిన నెల మా పెద్దమ్మ కూతురు వీడియో కాల్ చేసింది. అక్క స్కాట్లాండ్‌లో ఎమ్మెస్ చేస్తూ, వారాంతాల్లో ఒక ఫామ్‌లో పనికి వెళ్తోంది. కెమెరా తిప్పి ఒక గుర్రాన్ని చూపించింది. అక్క నడుము దాకా కూడా లేదు. కళ్ల మీద పడే జూలు, గుండ్రటి పొట్ట. చుట్టూ పచ్చటి మైదానం ఉంది కానీ, దాన్ని మాత్రం గడ్డి పెద్దగా లేని చిన్న కంచెలో ఉంచారు. పైగా మూతికి చిక్కం! మా తాతయ్య ఎద్దులకి కట్టేవాడే, అలాంటిదే.

"పాపం అక్కా, కాస్త మేయనివ్వొచ్చుగా" అన్నాను.

"మేయనిస్తే చచ్చిపోతుందిరా" అంది.

ఆ మాట అర్థం కావడానికి నాకు రెండు రోజులు పట్టింది. తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నా.

ఇవి ఎక్కడివి?

స్కాట్లాండ్‌కి ఉత్తరాన షెట్లాండ్ అని దీవులున్నాయి. ఎప్పుడూ ఈదురుగాలి, చెట్లు తక్కువ, నేలలో సారం తక్కువ. గడ్డి దొరక్కపోతే అక్కడి గుర్రాలు ఒడ్డుకి కొట్టుకొచ్చిన సముద్రపు నాచు కూడా తినేవి. అలాంటి చోట తక్కువ తిండితో బతికే పొట్టి శరీరాలే తరతరాలుగా నిలిచాయి. షెట్లాండ్ పోనీ ఎత్తు 42 అంగుళాలు మించకూడదు. 34 అంగుళాల లోపు ఉంటే మినియేచర్ అంటారు.

పిట్ట కొంచెం, కూత ఘనం అన్నట్టు వీటి బలం మాత్రం చిన్నది కాదు. బ్రిటన్‌లో 1842 చట్టం ఆడవాళ్లని, పదేళ్ల లోపు అబ్బాయిలని గనుల్లోకి దింపకూడదు అంది. ఆ తర్వాత బొగ్గు బళ్లు లాగడానికి ఈ పోనీలకి గిరాకీ బాగా పెరిగింది.

మన భాషలో చెప్పాలంటే, ఇది తక్కువ మెమరీ కోసం రాసిన ప్రోగ్రామ్. దొరికిన ప్రతి పరకనీ దాచుకుంటుంది. సమస్య కూడా అక్కడే మొదలవుతుంది.

గిట్టలో ఏం జరుగుతుంది?

గిట్ట లోపల ఒక ఎముక ఉంటుంది. మన గోరు వేలికి అతుక్కుని ఉన్నట్టే, దాన్ని గిట్ట గోడకి సన్నటి పొరలు పట్టి ఉంచుతాయి. చక్కెర ఎక్కువున్న పచ్చిక అదే పనిగా మేస్తే రక్తంలో ఇన్సులిన్ పెరిగిపోయి ఆ పొరలు పట్టు తప్పుతాయి. దీన్నే లామినైటిస్ అంటారు. ముదిరితే ఎముక స్థానం తప్పి కిందికి దిగిపోతుంది. ఇక ప్రతి అడుగూ నరకమే. ముందు కాళ్లు చాపి, బరువంతా వెనక్కి వేసి నిలబడిందంటే వెంటనే డాక్టర్‌ని పిలవాలి.

సరే, లావైతే పస్తు పెడదామా? అది ఇంకా ప్రమాదం. తిండి ఒక్కసారిగా ఆపేస్తే ఒంట్లో కొవ్వంతా రక్తంలోకి వచ్చేసి కాలేయం దెబ్బతింటుంది. అందుకే నెమ్మదిగా తగ్గించాలి.

మరి పెంచేదెలా?

బరువు తగ్గించాల్సిన పోనీకి రోజుకి దాని బరువులో సుమారు 1.5 శాతం ఎండుగడ్డి పెడతారు. అంటే 150 కిలోల పోనీకి రెండుంపావు కిలోలు. గడ్డిని ముందు నీళ్లలో నానబెడితే చక్కెర కొంత దిగిపోతుంది. దాన్ని సన్న కన్నాల వలలో పెడితే నెమ్మదిగా తింటుంది. చిక్కం ఉన్నా నీళ్లు తాగొచ్చు, కొద్దికొద్దిగా మేయొచ్చు. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్టలు చెక్కించాలి, ఏడాదికోసారి పళ్లు చూపించాలి. అన్నిటికంటే ముఖ్యం, తోడుగా ఇంకో గుర్రం ఉండాలి. ఇవి మంద జీవాలు, ఒంటరిగా ఉంటే కుంగిపోతాయి. సరిగ్గా చూసుకుంటే ముప్పై ఏళ్లు కూడా బతుకుతాయి. అంటే మన బీటెక్, ఉద్యోగం, పెళ్లి, పిల్లలు అన్నీ అయ్యే దాకా.

మొండిదా?

పోనీలు మొండివని పేరు. అక్క చెప్పేది వేరు. పెద్ద గుర్రం కరిస్తే ఎవరైనా భయపడి నేర్పిస్తారు, ఇది కరిస్తే ముద్దుగా ఉందని నవ్వి వదిలేస్తారు. చేత్తో క్యారెట్ పెడుతూ ఉంటే కొన్నాళ్లకి వేళ్లు వెతుక్కుంటుంది. అక్క వాళ్ల పోనీ పళ్లతో గడియ తీయడం కూడా నేర్చేసుకుంది. అంత తెలివైనది, మనం నవ్విన ప్రతిసారీ ఏదో ఒకటి నేర్చుకోకుండా ఉంటుందా?

మన రీల్స్‌లో ఇప్పుడు పుంగనూరు ఆవుల్ని హాల్లో తిప్పుతున్నారు. చూసి నేనూ లైక్ కొట్టాను. చిన్నగా ఉన్నంత మాత్రాన ఆవు ఆవు కాకుండా పోదు, గుర్రం గుర్రం కాకుండా పోదు. వాటికి కావాల్సింది మనకి నచ్చింది కాదు, వాటి ఒంటికి సరిపోయేది.

మొన్న అక్క మళ్లీ కాల్ చేసింది. ఈసారి "మేయనివ్వు" అనలేదు. "బరువెంత తగ్గిందక్కా?" అని అడిగాను.