పలాస జీడిపప్పు: కొన్ని అపోహలు, అసలు సంగతులు

అపోహ: పలాస జీడిపప్పంటే ఉద్దానం తోటల్లో కాసిందే.

పలాస పక్కనున్న కాశీబుగ్గలో చుట్టాలకని రెండు కిలోలు కట్టించుకునేవాళ్లు చాలామంది ఇలాగే అనుకుంటారు. ఉద్దానంలో, అంటే వజ్రపుకొత్తూరు, మందస, కవిటి వైపు జీడితోటలున్న మాట నిజమే. కానీ అక్కడ జీడిపిక్క దిగేది వేసవి నెలల్లోనే. ఫ్యాక్టరీకి ఏడాది పొడవునా పిక్క కావాలి. అందుకే ఐవరీ కోస్ట్, బెనిన్, టాంజానియా లాంటి దేశాల పిక్క ఓడలెక్కి వస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటి తోటల్ని నేలకూల్చింది. కొత్త మొక్క కాపుకొచ్చేదాకా ఏళ్ల తరబడి ఏ ఫ్యాక్టరీ ఆగుతుంది? ఆ మాటకొస్తే జీడిచెట్టే మనది కాదు, పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు బ్రెజిల్ నుంచి తెచ్చింది.

అయినా పలాసకు ఆ పేరు ఊరికే రాలేదు. పిక్కను ఉడికించి, ఒక్కొక్కటే పగలగొట్టి, గుండు విరక్కుండా తీసి, పొట్టు ఒలిచి, సైజువారీగా ఏరే పనితనం వల్ల వచ్చింది. ఆ పని చేసేది ఎక్కువగా ఆడవాళ్లే. డొల్లలోంచి కారే జీడి చర్మాన్ని కాల్చేస్తుంది. చేతులకు బూడిదో నూనో రాసుకుని కూర్చున్నా వేళ్లు నల్లబడక మానవు.

అపోహ: విదేశీ పిక్క ఆపేస్తే ఉద్దానం రైతు గట్టెక్కుతాడు.

80 కిలోల బస్తాకు 16,000 రూపాయలివ్వాలని 2023లో రైతులు రోడ్డెక్కినప్పుడు ఈ మాట గట్టిగానే వినిపించింది. ముడి పిక్కపై దిగుమతి సుంకాన్ని కేంద్రం 2018లో 5 శాతం నుంచి 2.5 శాతానికి తగ్గించింది. మన కాపు దిగే నెలల్లోనే బయటి సరుకు గోదాముల్లో నిండి ఉంటే బేరంలో రైతు మాట చెల్లదు. అంతవరకు రైతు కోపం న్యాయమే. కానీ పూర్తిగా ఆపేస్తే?

ఇలాంటి ప్రశ్న మీదే పేరున్న ఆర్థికవేత్తలు వాదులాడుకున్నారు, అదీ జీడిపిక్క కోసమే. మొజాంబిక్ తన ఫ్యాక్టరీలను కాపాడుకోవడానికి ముడి పిక్క ఎగుమతిని కట్టడి చేసేది. 1990ల్లో ప్రపంచ బ్యాంకు ఒత్తిడితో దాన్ని సడలించింది. రైతుకు మంచి ధర పలుకుతుందని బ్యాంకు లెక్క. పిక్క మన దేశానికి తరలింది, అక్కడ ఫ్యాక్టరీలు మూతపడి వేలమందికి పని పోయింది. ఫ్యాక్టరీ కూలీకన్నా రైతే పేదవాడు కదా అని 2000లో పాల్ క్రుగ్‌మన్ బ్యాంకును వెనకేసుకొచ్చారు. మార్గరెట్ మెక్‌మిలన్, డానీ రోడ్రిక్, కారెన్ వెల్చ్ 2002లో లెక్క తీస్తే, జీడి పండించే సగటు కుటుంబానికి అదనంగా అందింది ఏడాదికి 5.30 డాలర్లకు మించలేదని తేలింది. పెరిగిన ధరలో కొంత వర్తకుల దగ్గరే ఆగిపోయింది.

సుంకం పెంచినా ఉద్దానంలో అలాగే జరగొచ్చు. సరుకు దాచుకునే చోటు లేక, అప్పటిదాకా ఇల్లు గడిచే దారి లేక, కల్లం దగ్గరే అమ్ముకునే రైతుకు పెరిగిన ధరలో ఎంత దక్కుతుంది? మరోపక్క పిక్క దొరక్క ఫ్యాక్టరీ ఆగిపోతే పొట్టు తీసే మనిషికి కూలి పోతుంది. ఆమె ఏ చిన్నరైతు ఇంటి మనిషో కూడా కావచ్చు. నన్నడిగితే, సుంకం సంగతి తర్వాత, ముందు పల్లెల్లో గోదాములు కట్టి, నిల్వ చేసిన పిక్క మీద అప్పు ఇప్పించాలి.

అపోహ: గ్రేడు అంకె పెద్దదైతే పప్పు కూడా పెద్దదే.

సరిగ్గా తలకిందులు. డబ్ల్యూ 180 అంటే పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, 180 దాకా తూగే గుండ్లు. డబ్ల్యూ 320 అంటే 320 దాకా. రేటు పెరిగేది సైజును బట్టే, రుచిని బట్టి కాదు. పాయసంలోకో, కూరలో రుబ్బి వేయడానికో అయితే బద్ద తీసుకోండి, చవకగా వస్తుంది.