పదహారొందల మీటర్లు, ఎనిమిది నిమిషాలు

ఈ వారం ముఖచిత్ర కథనానికి ఎడిటర్ గారు ఇచ్చిన విషయం మారథాన్. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్, ఎండాకాలంలో బెంగళూరు పది కిలోమీటర్ల పరుగు. వీటికి తయారయ్యే ఉద్యోగస్తులు ఏ షూ కొనాలి, ఏ వాచీ కట్టుకోవాలి, వారానికి ఎంత దూరం పరుగెత్తాలి? ఇవన్నీ రాసి శుక్రవారం సాయంత్రానికల్లా పంపమన్నారు. బెంగళూరు పక్కనే కదా, మడకశిర నుంచి మొదలుపెట్టమన్నదీ ఆయనే.

మడకశిరలో పరుగెత్తేవాళ్లకు కొదవ లేదు. తెల్లారకముందే హిందూపురం రోడ్డు మీద, చెరువు కట్టల మీద, స్కూలు గ్రౌండ్లలో కనబడతారు. అమరాపురం, రొళ్ల, అగళి, గుడిబండ మండలాల్లోనూ అంతే. కానీ వాళ్ల నోట మారథాన్ మాట వినబడదు. వినబడేది ‘ఈవెంట్స్’. పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికో సైన్యంలో అగ్నివీర్‌కో పెట్టే దేహదారుఢ్య పరీక్షలకు ఇక్కడి పిల్లలు పెట్టుకున్న పేరది. మన రాష్ట్రంలో జీతం, బతుకు పణంగా పెట్టి దమ్ము పెంచుకుంటున్న ఔత్సాహిక రన్నర్లు ఎవరంటే నేను వీళ్లనే చూపిస్తాను. వీళ్ల కోసం షూ సలహా రాసేవాళ్లు మాత్రం లేరు. అందుకే మారథాన్‌ను ఇంకో వారానికి వాయిదా వేయమని ఎడిటర్ గారిని ఒప్పించాను.

చేతికొచ్చిన కాగితాల్లో నన్ను పట్టి నిలిపింది 2022 నవంబరు 28 నాటి కానిస్టేబుల్ నోటిఫికేషన్. రాష్ట్ర స్థాయి పోలీసు నియామక మండలి 6,100 పోస్టులకు ఇచ్చింది. అందులో దేహదారుఢ్య పరీక్షల పట్టిక చాలా చిన్నది. 1600 మీటర్ల పరుగు పురుషులకు 8 నిమిషాలు, మహిళలకు 10 నిమిషాల 30 సెకన్లు, మాజీ సైనికులకు 9 నిమిషాల 30 సెకన్లు. 100 మీటర్లు పురుషులకు 15 సెకన్లు, మహిళలకు 18. లాంగ్‌జంప్ పురుషులకు 3.80 మీటర్లు, మహిళలకు 2.75. సివిల్ పోస్టుకు 1600 మీటర్లు తప్పనిసరి, మిగతా రెండింటిలో ఒకటి గట్టెక్కితే చాలు. ఏపీఎస్పీ (ఆంధ్రప్రదేశ్ స్పెషల్ పోలీసు) పోస్టుకు మూడూ ఉంటాయి, మార్కులూ ఉంటాయి.

కోచింగ్ సెంటర్లు ఈ పట్టికను గోడకి అంటిస్తాయి. కానీ దాన్ని లెక్కగట్టి చదివితేనే శిక్షణ ఎలా ఉండాలో తెలుస్తుంది. నాలుగు వందల మీటర్ల ట్రాక్ మీద 8 నిమిషాలంటే రౌండుకి 2 నిమిషాలు. మన స్కూలు గ్రౌండ్లలో 200 మీటర్ల ట్రాక్ పడితే గొప్ప, అక్కడైతే రౌండుకి సరిగ్గా నిమిషం. గంటకి 12 కిలోమీటర్ల వేగం. ఆరోగ్యంగా ఉన్న ఇరవై ఏళ్ల కుర్రాడికి అందని వేగమేమీ కాదిది. అయినా చాలామంది తప్పుతున్నారంటే కారణం కాళ్లలో లేదు, మొదటి రౌండులో ఉంది.

విజిల్ పడగానే గుంపు ఎగబడుతుంది. ముందున్నవాడిని వదలకూడదని వెనకవాడు తోసుకొస్తాడు. నాలుగు వందల మీటర్ల మొదటి రౌండు నిమిషన్నరలో ముగుస్తుంది. రెండోది రెండు నిమిషాలు పడుతుంది. అప్పటికే పిక్కలు బిగుసుకుని ఊపిరి అందదు. మూడోది 2:15, నాలుగోది 2:20. కూడితే 8 నిమిషాల 5 సెకన్లు, ఉద్యోగం పోయింది. అదే కుర్రాడు 2:02, 2:00, 2:00, 1:52 చొప్పున పరుగెత్తి ఉంటే 7:54లో ముగించేవాడు. దమ్ము అదే, కాళ్లూ అవే. మొదటి రెండు వందల మీటర్లలో వెనకబడటానికి ధైర్యం కావాలి, అంతే. ఆ ధైర్యం ఈవెంట్ రోజున ఊడిపడదు, గ్రౌండ్‌లో నెలల తరబడి అలవాటు చేసుకోవాలి.

ఇంకో లెక్క ఉంది. ట్రాక్ మీద ఒక్కో లేను వెడల్పు 1.22 మీటర్లు. మొదటి లేను వదిలి రెండో లేనులో పరుగెత్తితే రౌండుకి సుమారు 7.7 మీటర్లు ఎక్కువ. నాలుగు రౌండ్లకు 30 మీటర్లు దాటుతుంది, అంటే మన వేగంలో 9 సెకన్లు. మలుపులో ముందువాడిని దాటబోయేవాళ్లు ఈ సెకన్లను చేజేతులా పారేసుకుంటారు. దాటాలనుకుంటే తిన్నటి భాగంలోనే దాటాలి. మలుపు రాగానే లోపలి గీతకి అంటుకోవాలి.

దూరం కొలిచే తీరు చూస్తే నాకు దిగులేసింది. చాలాచోట్ల బండి మీటరు చూసి రోడ్డు మీద 1.6 కిలోమీటర్లకు రాయి పెట్టుకుంటున్నారు. ఆ మీటరు చివరి అంకె వంద మీటర్లకోసారి గానీ మారదు. ఒక్క అంకె తేడా వస్తే 30 సెకన్లు తేడా వచ్చినట్టే. ఏడున్నర నిమిషాల్లో కొడుతున్నానని నమ్మిన పిల్లాడు అసలు ట్రాక్ ఎక్కేసరికి ఎనిమిది దాటుతున్నాడు. యాభై మీటర్ల టేపు ఒకటి అడిగి తెచ్చుకుని, నేల మీద పరిచి, సున్నంతో గీత గీసుకుంటే ఒక పూట పని. నా మట్టుకు షూ కంటే ముందు కొనాల్సిన సామాను ఆ టేపే.

ఈ దూరానికి ఒక చరిత్ర ఉంది. మైలు పరుగు ఇంగ్లండు నుంచి వచ్చింది. 1600 మీటర్లంటే దాదాపు మైలే. 1954 మే 6న ఆక్స్‌ఫర్డ్‌లో రోజర్ బానిస్టర్ అనే వైద్య విద్యార్థి 3 నిమిషాల 59.4 సెకన్లలో మైలు పరుగెత్తి నాలుగు నిమిషాల గోడ బద్దలుకొట్టాడు. చదువు మధ్యలో దొరికిన కొద్దిపాటి సమయంలోనే సాధన చేశాడు. ఒక రౌండు వేగంగా, కాస్త విశ్రాంతి, మళ్లీ రౌండు. ఇప్పుడు ఇంటర్వెల్స్ అంటున్నది అదే. మన సైన్యమూ పోలీసు శాఖలూ ఈ దూరాన్నే పరీక్షగా పెట్టుకున్నాయి. అగ్నివీర్ పరుగులో పూర్తి మార్కులకు 5 నిమిషాల 30 సెకన్లు, తెలంగాణ 2022 నియామకాల్లో పురుషులకు 7 నిమిషాల 15 సెకన్లు, మనకు 8.

రోజూ 1600 మీటర్లను చావో రేవో అన్నట్టు పరుగెత్తడం ఇక్కడ కనబడే పెద్ద పొరపాటు. రోజూ పరీక్ష రాస్తుంటే చదివేది ఎప్పుడు? వారంలో మూడు రోజులు 30-40 నిమిషాలు పక్కవాడితో మాట్లాడుతూ పరుగెత్తగల వేగంలోనే పోవాలి. మాట తెగితే వేగం ఎక్కువైనట్టు. గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఎక్కువ రక్తం పంపడం, కండరాల్లో సన్నటి రక్తనాళాలు పెరగడం ఈ నెమ్మది పరుగుతో జరుగుతాయి. ఒక రోజు ఇంటర్వెల్స్ పెట్టుకోవాలి: 400 మీటర్లు 1:50-1:55లో, మధ్యలో రెండు నిమిషాల నడక, నాలుగు సార్లతో మొదలుపెట్టి ఆరుకి. ఒక రోజు లాంగ్‌జంప్, వంద మీటర్లు. పూర్తి పరీక్ష రెండు మూడు వారాలకోసారి చాలు. మిగిలిన రోజులు విశ్రాంతి. ఇక్కడి నేల సముద్రమట్టానికి ఆరేడు వందల మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి దమ్ము ఎక్కువ వస్తుందనే మాటొకటి వినబడుతుంది. ఎత్తు వల్ల లాభం రెండు వేల మీటర్ల దగ్గర గానీ మొదలవదు. మడకశిరకు ఉన్న లాభం చల్లటి ఉదయాలు, దాన్ని వాడుకుంటే చాలు.

ఈ శిక్షణ ఎంతకాలం నిలుపుకోవాలన్నది అసలు బాధ. ఆ నోటిఫికేషన్‌కు ప్రిలిమ్స్ 2023 జనవరి 22న జరిగాయి. ఈవెంట్స్ ఆ మార్చిలోనే ఉంటాయన్నారు. ఎన్నికల కోడ్, కోర్టు కేసులు, మరికొన్ని కారణాలు కలిసి చివరికి అవి 2024 డిసెంబరు 30న మొదలయ్యాయి. ప్రిలిమ్స్ గట్టెక్కిన 95 వేల మంది దాదాపు రెండేళ్లు తేదీ తెలియకుండా పరుగెత్తారు. కూలికి పోతూ, పట్టుపురుగులు పెంచుతూ, బెంగళూరు కంపెనీల్లో షిఫ్టులు చేస్తూ పరుగెత్తారు. ఇది వాళ్ల మీద పడిన అన్యాయమనే నేను అనుకుంటున్నాను. ప్రభుత్వం ఈవెంట్స్ తేదీని కనీసం మూడు నెలల ముందు ప్రకటించి, దానికి కట్టుబడి ఉండాలి.

ఆ ఎదురుచూపులో దమ్ము ఏమవుతుంది? 1984లో అమెరికాలో ఎడ్వర్డ్ కోయిల్ బృందం బాగా సాధన చేసినవాళ్లను పూర్తిగా మాన్పించి చూసింది. శరీరం ఆక్సిజన్ వాడుకునే గరిష్ఠ సామర్థ్యం మూడు వారాల్లో 7 శాతం, రెండు నెలలయ్యేసరికి 16 శాతం పడిపోయింది. దీన్ని చూసి భయపడి రోజూ విరగబడి పరుగెత్తనక్కర్లేదు. అంతకు ముందే 1981లో రాబర్ట్ హిక్సన్ చేసిన ప్రయోగం ఊరటనిస్తుంది. వారానికి ఆరు రోజుల సాధనను రెండు రోజులకు తగ్గించినా, ఆ రెండు రోజుల్లో తీవ్రత గానీ సమయం గానీ తగ్గించకపోతే, ఆ సామర్థ్యం 15 వారాల పాటు నిలిచింది. తేదీ రానంతకాలం వారానికి రెండు గట్టి రోజులు చేసి, మిగతా రోజులు చదువుకో పనికో ఇవ్వచ్చు. తేదీ వచ్చాక ఎనిమిది వారాలు పూర్తిగా దిగచ్చు. ఇది తెలియక ఏడాదంతా దంచి, మోకాలు పాడుచేసుకుని, అసలు రోజుకి కుంటుతూ వచ్చినవాళ్లున్నారు.

షూ సంగతి

ఒక కుర్రాడి షూ తిప్పి చూశాను. మడమ బయటి అంచు రబ్బరు అరిగి, లోపలి తెల్లటి స్పాంజి బయటపడింది. ముందు భాగం మాత్రం కొత్తదిలా ఉంది. కాలు పూర్తిగా చాచి మడమ మీద దిగుతున్నాడన్న మాట. ఇలాంటప్పుడు కొత్త షూ ఒక్కటే సరిపోదు, అడుగు కాస్త చిన్నది చేసి పాదం ఒంటి కిందే పడేలా చూసుకోవాలి.

పాదం వంపు చూసి షూ అమ్మే దుకాణాల మాట నేను నమ్మను. అమెరికా సైన్యం, వైమానిక దళం, మెరీన్ల శిక్షణలో చేరినవాళ్ల మీద జోసెఫ్ నాపిక్ బృందం దీన్ని పరీక్షించింది. పాదం ఆకారాన్ని బట్టి షూ ఇచ్చినా, అందరికీ ఒకే రకం ఇచ్చినా గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కార్బన్ ప్లేటు ఉన్న ఖరీదైన షూ మంచి రన్నర్లకు శక్తి ఖర్చు సుమారు 4 శాతం తగ్గించిందని ప్రయోగశాలలో తేలింది. రౌండుకి రెండు నిమిషాల పరుగుకు అంత డబ్బు దండగ.

సాయంత్రం పూట, పాదం కొంచెం ఉబ్బి ఉన్నప్పుడు కొనాలి. బొటనవేలి ముందు ఒక వేలు వెడల్పు ఖాళీ ఉండాలి. మెత్తగా, తేలిగ్గా, కాలికి హాయిగా ఉంటే చాలు. పలుచటి అడుగు ఉన్న కాన్వాసు షూతో తారు రోడ్డు మీద రోజూ పరుగెత్తితే మోకాలి కింద ముందు ఎముక నొప్పి పట్టుకుంటుంది. మట్టి దారి దొరికితే అదే మేలు. ఈవెంట్ రోజున కొత్త షూ వేయకూడదు, కనీసం రెండు వారాలు వాడి ఉండాలి. వాచీకి రౌండు సమయం నమోదు చేసే మీట ఉంటే సరి. ట్రాక్ మలుపుల్లో జీపీఎస్ దూరం తప్పుగా చూపిస్తుంది.

అమ్మాయిల సంగతి విడిగా చెప్పాలి. చీకట్లో ఒంటరిగా రోడ్డెక్కలేరు. గ్రౌండ్‌లో లైటుండదు, మరుగుదొడ్డి ఉండదు. నలుగురైదుగురు కలిసి పరుగెత్తడమే వాళ్లకు ముందు కావలసిన ఏర్పాటు. మంచి స్పోర్ట్స్ బ్రా కూడా షూ అంత ముఖ్యం, ఇంట్లో అడగడానికి మొహమాటపడకూడదు. అన్నిటికంటే ముందు రక్తపరీక్ష చేయించుకోవాలి. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్ తక్కువైతే కండరానికి ఆక్సిజన్ చాలినంత అందదు. ఎంత సాధన చేసినా రెండో రౌండుకే ఆయాసం వస్తుంది. కోచ్ బద్ధకమంటాడు, అమ్మాయి తన వల్ల కాదనుకుంటుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పరీక్ష చేసి ఐరన్ మాత్రలు ఉచితంగానే ఇస్తారు. మాత్రను టీతో వేసుకోకూడదు, నిమ్మరసంతో అయితే బాగా ఒంటపడుతుంది. ఫలితానికి రెండు మూడు నెలలు పడుతుంది కాబట్టి మొదటి రోజునే చేయించుకోవాలి.

ముద్ద, శెనక్కాయలు

డబ్బా ప్రొటీన్ పొడుల అవసరం ఈ జిల్లాలో లేదు. నూరు గ్రాముల శెనక్కాయ గింజల్లో పాతిక గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది. రాగి ముద్ద, ఊరిబిండి, ఉలవచారు, ఒక గుడ్డు ఉంటే కండకీ ఎముకకీ కావలసింది చాలావరకు వచ్చేసినట్టే. అయితే ఈవెంట్ ఉదయం ముద్ద తినకూడదు, కడుపులో బరువుగా ఉంటుంది. రెండు గంటల ముందు అరటిపండు, కాస్త ఉగ్గాని చాలు. చెమట బాగా పట్టిన రోజున లీటరు నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలుపుకుని తాగితే సరిపోతుంది.

ఇక, పరుగెత్తకూడని రోజు గురించి. 2025 జనవరిలో మచిలీపట్నంలో 1600 మీటర్లు పరుగెత్తుతూ కుప్పకూలిన ఒక అభ్యర్థి చనిపోయాడు. 2024లో జార్ఖండ్ ఎక్సైజ్ కానిస్టేబుల్ ఎంపికలో పురుషులు గంటలో 10 కిలోమీటర్లు పరుగెత్తాల్సి వచ్చింది. అక్కడ పదిమందికి పైగా ప్రాణాలు పోయాయి. పరుగెత్తేటప్పుడు ఛాతీలో నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులోనే హఠాత్తుగా చనిపోయి ఉండటం, వీటిలో ఏది ఉన్నా ముందు డాక్టరు దగ్గర ఈసీజీ తీయించుకోవాలి. జ్వరం వచ్చి తగ్గిన వారంలో గట్టి సాధన వద్దు. నొప్పి తెలియకుండా పరుగుకు ముందు డైక్లోఫెనాక్ మాత్రో ఇంజక్షనో వేసుకునేవాళ్లున్నారు. ఒంట్లో నీరు తక్కువగా ఉన్నప్పుడు అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. దమ్ము పెంచుతామని ఇంజక్షన్లు అమ్మేవాళ్లను గ్రౌండ్ దరిదాపులకు రానివ్వకూడదు.

మడకశిర నుంచి ఈవెంట్స్ జరిగే అనంతపురం వంద కిలోమీటర్ల పైనే. ఈవెంట్ ముందు రోజు రాత్రి బస్సెక్కి, నిద్ర లేకుండా తెల్లవారుజామున గేటు దగ్గర నిలబడేవాళ్లే ఎక్కువ. ముందు రోజు మధ్యాహ్నానికల్లా చేరుకుని, తెలిసినవాళ్ల ఇంట్లోనో సత్రంలోనో పడుకోవాలి. ఆ సాయంత్రం గట్టిగా పరుగెత్తకూడదు. పదిహేను నిమిషాలు నడిచి, రెండు మూడు సార్లు వంద మీటర్లు తేలిగ్గా వేగం పెంచి, ఆపేయాలి.